ఇటలీలో పాత దేవుళ్ళ ఊళ్ళు: పలెస్ట్రీనా, గుబ్బియో, పియెత్రబ్బొందాంతే, కపువా

ఇటలీ వెళ్ళొచ్చిన మనవాళ్ళు రోమ్, ఫ్లారెన్స్, వెనిస్, పీసా చూసొస్తారు. అవన్నీ చూడదగ్గవే. కానీ రోమ్ ఇంకా టైబర్ ఒడ్డున ఒక చిన్న ఊరుగా ఉన్న రోజుల్లోనే, చుట్టుపక్కల కొండల్లో, లోయల్లో ఉంబ్రియన్లు, సబైన్లు, సామ్నైట్లు, ఫాలిస్కన్లు, లాటిన్లు ఉండేవారు. వీళ్ళందరినీ కలిపి ఇటాలిక్ జాతులంటారు. ఎవరి భాష వారిది, ఎవరి పూజ వారిది. తర్వాత రోమ్ ఒక్కొక్కరినీ జయించి తనలో కలుపుకుంది. లాటిన్ తప్ప మిగతా భాషలు పోయాయి. వాళ్ళు దేవుళ్ళని ఎలా కొలిచారన్నది మాత్రం కంచు పలకల మీద, రాళ్ళ మీద, కొండల మీద ఇంకా మిగిలే ఉంది. మేము వెళ్ళింది దానికోసం.

మేమంటే నేను, అమ్మ, నాన్నగారు. నాన్నగారు గోదావరి జిల్లాలో జీవితమంతా పౌరోహిత్యం చేశారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ముగ్గురం శాకాహారులం. నేను ఇక్కడ ఏ చోటు బాగుందన్నా, ఏది కష్టమన్నా ఈ మూడు సంగతులూ గుర్తుపెట్టుకుని చదవండి. ఒక్క ఊరికే వీలున్నవాళ్ళు గుబ్బియో వెళ్ళండి. రెండుంటే పలెస్ట్రీనా కలుపుకోండి. కారు తీసుకునే ధైర్యం ఉంటే పియెత్రబ్బొందాంతే వదలొద్దు.

రోమ్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపే అతిథిగృహంలో దిగాం. ఇలాంటివి ఆ నగరంలో చాలా ఉన్నాయి. గది చిన్నది, గోడకి శిలువ తప్ప ఇంకే అలంకారమూ లేదు, టీవీ లేదు. పక్కబట్టలు, స్నానాలగది మాత్రం ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు. ముగ్గురికీ కలిపి రాత్రికి 100 యూరోలు దాటలేదు. నగర పన్ను విడిగా కట్టాలి. రాత్రి 11 గంటలకి తలుపులు వేసేస్తారు కాబట్టి కుర్రాళ్ళకి ఇబ్బంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఇంతకంటే మంచి బస నాకు తోచదు. లిఫ్టు ఉందో లేదో ముందే రాసి అడగండి, చాలా పాత భవనాల్లో ఉండదు.

పలెస్ట్రీనాకి కోట్రాల్ అనే ప్రాంతీయ బస్సులో వెళ్ళాం. గంటకి కాస్త పైనే పడుతుంది. టికెట్టు ముందే సిగరెట్ల దుకాణంలో కొనుక్కోవాలి. దీని పాత పేరు ప్రెనెస్తె, లాటిన్ల ఊరు. కొండవాలు మొత్తం ఒకే ఆలయం: క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో ఫార్చూనా ప్రిమిజెనియా అనే అదృష్ట దేవతకి అంతస్తులు అంతస్తులుగా కట్టారు. తర్వాతి కాలంలో దాని మీదే ఇళ్ళు లేచాయి. 1944లో బాంబులు పడి ఇళ్ళు కూలిపోయాక అడుగున ఉన్న అరుగులు, మెట్లదారులు బయటపడ్డాయి. అన్నిటికంటే పైన అర్ధచంద్రాకారంలో ఉన్న బార్బెరీని భవనమే ఇప్పుడు మ్యూజియం.

ఈ దేవత కథ రోమన్ రచయిత సిసెరో రాసిపెట్టాడు. ఆ ఊరి పెద్దమనిషి నుమేరియస్ సఫుస్టియస్‌కి మాటిమాటికీ కలలొచ్చేవి, ఫలానా చోట చెకుముకి రాయిని పగలగొట్టమని. చివరికి బెదిరింపు కలలు కూడా మొదలయ్యాయి. ఊళ్ళోవాళ్ళు నవ్వుతున్నా పగలగొట్టాడు. లోపలి నుంచి ఓక్ చెక్క ముక్కలు జారిపడ్డాయి, వాటి మీద పురాతన అక్షరాలు. అదే సమయంలో దగ్గరలోని ఆలివ్ చెట్టు నుంచి తేనె కారిందట. ఆ చెట్టు కలపతో పెట్టె చేసి ఆ చెక్క చీట్లు అందులో ఉంచారు. అడగవలసింది ఉన్నవాడు వస్తే, ఒక చిన్నపిల్లాడు ఆ చీట్లు కలిపి ఒకటి తీసేవాడు. సిసెరోకి ఈ చీట్ల మీద నమ్మకం లేదు, అయినా వివరం వదలకుండా రాశాడు. శిశువులైన జూపిటర్ (దేవతల రాజు), జూనోలని ఒడిలో పెట్టుకుని పాలిచ్చే రూపంలో అమ్మవారు అక్కడ ఉండేదని, తల్లులు ఆమెని ఎంతో భక్తితో కొలిచేవారని కూడా రాశాడు. మరోపక్క శాసనాల్లో అదే దేవత జూపిటర్ కూతురు. నాన్నగారు ఈ రెండో ముక్క విని అసలు ఆశ్చర్యపోలేదు. "తల్లీ ఆవిడే, కూతురూ ఆవిడే. అయితే ఏమైంది?" అని పైకి నడిచారు.

మ్యూజియం పై అంతస్తులో నైలు నది మొజాయిక్ ఉంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. బస్సు దిగిన చోటు నుంచి పైకి ఎక్కుడు మాత్రం గట్టిగానే ఉంటుంది. అమ్మ సగంలో ఒక బల్ల మీద కూర్చుండిపోయింది. మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళు కారులోనో టాక్సీలోనో మ్యూజియం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కిందికి దిగుతూ చూడడం మేలు.

ఆల్బన్ కొండల్లోని నేమి సరస్సు అందంగా ఉంది, ఆ అడవి స్ట్రాబెర్రీలు మంచి రుచి. అక్కడి డయానా దేవత ఆలయం గురించి చదివి వెళ్ళినవాళ్ళకి మాత్రం కళ్ళతో చూసేది తక్కువ. ఆ వనంలో పూజారి కావాలంటే పారిపోయి వచ్చిన బానిస ఒక చెట్టు కొమ్మ విరిచి, ఉన్న పూజారిని ద్వంద్వయుద్ధంలో చంపాలి. ఆ పూజారి ఎప్పుడూ కత్తి పట్టుకుని అటూఇటూ చూసుకుంటూ తిరిగేవాడని గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. ఒడ్డున ఉన్న మ్యూజియాన్ని కట్టింది సరస్సులోంచి తీసిన రోమన్ చక్రవర్తి కలిగులా ఓడల కోసం. ఆ ఓడలు 1944లో కాలిపోయాయి, ఇప్పుడున్నవి నమూనాలు. పూట గడపడానికి సరే, దీనికోసమే రోమ్ నుంచి రానక్కర్లేదు.

దాని పక్కనే ఉన్న మోంతె కావో నాకు ఎక్కువ నచ్చింది. 949 మీటర్ల కొండ. శిఖరం మీద ఇప్పుడు ప్రసార స్తంభాలు తప్ప ఆలయం ఏమీ లేదు. కానీ అడవిలోంచి పైకి పోయే రాతిబాట, ఆ కాలపు బాటే, పెద్ద పెద్ద పలకలతో చెక్కుచెదరకుండా ఉంది. ఏటా లాటిన్ ఊళ్ళన్నీ ఈ దారినే ఎక్కి జూపిటర్ లాటియారిస్‌కి బలి ఇచ్చేవి. మొత్తం 47 ఊళ్ళని గ్రీకు చరిత్రకారుడు డయోనిసియస్ లెక్క చెప్పాడు. బలి మాంసంలో ప్రతి ఊరికీ వాటా అందాలి. అందకపోతే ఉత్సవం చెల్లదు, మళ్ళీ చెయ్యాలి. క్రీ.పూ. 176లో లనువియం అనే లాటిన్ ఊరి అధికారి ప్రార్థనలో రోమన్ ప్రజల పేరు చెప్పడం మర్చిపోయాడు. అంతే, ఉత్సవం మొదటి నుంచి మళ్ళీ జరిపించారు.

రోమ్‌కి ఉత్తరంగా మైదానం మధ్యలో ఒంటరిగా లేచిన సోరాత్తె కొండని గుబ్బియో వెళ్ళే రైల్లోంచి చూశాం. ఆగలేదు. ఫాలిస్కన్ల ప్రాంతంలో కొన్ని కుటుంబాలు ఏటా అక్కడ అపోలో పూజలో కణకణలాడే కట్టెల మీద నడిచేవని, కాళ్ళు కాలేవి కావని, వాళ్ళకి సైన్యంలో చేరే బాధ్యత లేకుండా సెనేట్ శాశ్వతంగా మినహాయింపు ఇచ్చిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వాళ్ళని హిర్పి అనేవారు, అంటే తోడేళ్ళు. ఆ రైల్లో నాన్నగారు కిటికీ వదల్లేదు.

ఇక గుబ్బియో. రోమ్ నుంచి అంకోనా వైపు వెళ్ళే రైల్లో ఫోస్సాతో ది వీకో దగ్గర దిగి, అక్కణ్ణుంచి బస్సు; 20 కిలోమీటర్లు ఉంటుంది. ఆదివారాలు, పండగ రోజుల్లో బస్సులు బాగా తక్కువ, కాబట్టి పనిరోజునే పెట్టుకోండి. ప్రాంతీయ రైళ్ళకి కాగితపు టికెట్టు కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీద ఉన్న యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. అది లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా పడుతుంది.

ఊరు కొండ మీదికి ఎగబాకినట్టు ఉంటుంది, ఇళ్ళన్నీ బూడిదరంగు రాయి. చూడగానే అమ్మ భయపడింది. అయితే ఇక్కడ పై వీధులకి చేర్చే లిఫ్టులు ఉన్నాయి. ఒక కుటుంబం నడిపే ఇంట్లో గదులు తీసుకున్నాం, ఒక్కోటి రాత్రికి 70 యూరోలు. ఇంటావిడ పొద్దున్నే రొట్టె, పళ్ళు, తేనె, తాజా రికోత్తా పెట్టేది. మాంసం, చేపలు తినమని చెప్పగానే రెండో రోజు నుంచి బల్ల మీద హాం ముక్కల పళ్ళెం కనపడకుండా పక్కకి పెట్టింది. మేము అడగలేదు. ఊళ్ళో క్రెష అనే పలచని రొట్టె దొరుకుతుంది, వేడి పెనం మీద కాల్చి జున్ను, ఆకుకూర పెట్టి ఇస్తారు. పిండిలో పంది కొవ్వు కలుపుతారేమో అడిగి తీసుకోండి. సూప్ కూడా మాంసం నీళ్ళతో చేస్తారు. ఇంకా పట్టింపు ఉన్నవాళ్ళకి ఒక మాట: పర్మెజాన్ జున్ను తోడుపెట్టేది దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో.

మేము వచ్చిన పని కాన్సుల్స్ భవనంలో ఉంది. 14వ శతాబ్దపు భవనం, ముందు విసనకర్ర ఆకారంలో విచ్చుకున్న మెట్లు. లోపల ఏడు కంచు పలకలు. 1444లో దొరికాయని ఊరి మాట. 1456లో పావ్లో ది గ్రెగోరియో అనే ఆయన దగ్గర్నుంచి నగరం వాళ్ళు కొన్నారు, పశువుల మేత హక్కులు బదులుగా ఇచ్చి. ఉంబ్రియన్ భాషలో ఇంత పెద్ద రాత ఇంకెక్కడా లేదు. ఆ మాటకొస్తే ప్రాచీన ఇటలీ నుంచి ఒక పూజని మొదలు నుంచి చివరి దాకా ఎలా చెయ్యాలో చెప్పే ఇంత వివరమైన రాత మరొకటి లేదు. పాత పలకలు ఉంబ్రియన్ లిపిలో, కుడి నుంచి ఎడమకి. తర్వాతవి లాటిన్ లిపిలో. అక్షరాలు చిన్నవి, లోతుగా, వరస తప్పకుండా ఉన్నాయి. దీపం వెలుతురు పక్క నుంచి పడితే ఒక్కో గీత అంచు మెరుస్తుంది. పలకల అనువాదం నేను అచ్చువేసి తీసుకెళ్ళాను. అద్దం పక్కన నిలబడి నాన్నగారికి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను.

అతియెడియన్ సోదరులు అని ఒక పూజారుల సంఘం, పన్నెండు మంది. వాళ్ళు ఊరి కొండని శుద్ధి చెయ్యాలి. ముందు పక్షి శకునం చూడాలి: పర్ర అనే పిట్ట, కాకి, వడ్రంగిపిట్ట, మరొక కాకిజాతి పక్షి. శకునం చూసేవాడు కూర్చుని ఉండగా ఎవరూ చప్పుడు చెయ్యకూడదు, మధ్యలో అడ్డం రాకూడదు. తర్వాత మూడు ద్వారాలు. త్రెబులన్ ద్వారం ముందు జూపిటర్ గ్రబోవియస్‌కి మూడు ఎద్దులు, ద్వారం వెనక త్రెబుస్ ఇయోవియస్‌కి చూలుతో ఉన్న పందులు మూడు. తెసెనకన్ ద్వారం ముందు మార్స్ గ్రబోవియస్‌కి మూడు ఎద్దులు, వెనక ఫిసుస్ సాంకియస్‌కి పాలుతాగే పందిపిల్లలు మూడు. వెయీన్ ద్వారం ముందు వోఫియోనుస్ గ్రబోవియస్‌కి నుదురు తెల్లగా ఉన్న ఎద్దులు మూడు, వెనక తెఫెర్ ఇయోవియస్‌కి ఆడ గొర్రెపిల్లలు మూడు. ఎక్కడ పైకి చదవాలో, ఎక్కడ లోలోపల అనుకోవాలో కూడా రాసి ఉంది.

జూపిటర్ గ్రబోవియస్‌కి చేసే ప్రార్థన దగ్గర నాన్నగారు నన్ను ఆపి మళ్ళీ చదవమన్నారు. దాని సారం ఇది: నీ పూజలో ఏదైనా విడిచిపెట్టి ఉంటే, ఏదైనా తప్పిపోయి ఉంటే, కనిపించే లోపం గానీ కనిపించని లోపం గానీ జరిగి ఉంటే, ఈ ఎద్దుతో దానికి పరిహారం అవుగాక; ఫిసియన్ కొండని, ఇగువియం పట్టణాన్ని (గుబ్బియో పాత పేరు) శుద్ధి చెయ్యి; పెద్దలని, పూజావిధులని, మనుషులని, పశువులని, పొలాలని, పంటలని కాపాడు. రెండో ఎద్దుకీ ఇదే, మూడో ఎద్దుకీ ఇదే, మాట పొల్లు పోకుండా. మన ఇళ్ళలో ప్రతి పూజ చివరా "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అని చెప్పుకుంటాం కదా, ఆ చెప్పుకునే గొంతు ఆ పలక మీద వినిపించింది. తేడా ఉంది. మనకి ఆ శ్లోకంతో దోషం పోతుంది. ఇగువియంలో పూజ మధ్యలో అంతరాయం వస్తే మళ్ళీ పక్షుల్ని చూసి, త్రెబులన్ ద్వారానికి తిరిగి వెళ్ళి, మొదటి నుంచి చెయ్యాలి. మోంతె కావో మీద లాటిన్లకీ ఇదే నియమం. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అర్థమైంది ఇదే: ఇటాలిక్ జాతుల భక్తి నమ్మకాల పట్టికలో లేదు, తప్పకుండా చెయ్యడంలో ఉంది. చెయ్యడం ఎంత కష్టమో తెలుసు కాబట్టే తప్పుకి ముందే చోటు పెట్టుకున్నారు.

పలకల్లో లెక్కలూ ఉన్నాయి. క్లవెర్ని అనే వర్గం ఏటా సోదరులకి 4 పౌండ్ల గోధుమ జాతి ధాన్యం ఇవ్వాలి. అది తీసుకెళ్ళడానికి వచ్చిన ఇద్దరికి భోజనం పెట్టాలి, లేదంటే 6 అస్సులు (ఆ కాలపు నాణేలు) చెల్లించాలి. పూజ విందు చూసే అధికారి దాన్ని సరిగ్గా ఏర్పాటు చేశాడా లేదా అని సోదరులు ఓటేసి, లేదని తేలితే ఆ అధికారికి జరిమానా ఎంతో కూడా వాళ్ళే నిర్ణయిస్తారు. నాన్నగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది విని రాసింది కాదురా. పక్కన నిలబడి చేయించినవాడే రాశాడు" అన్నారు.

కొండ పైన సంత్ ఉబాల్దో ఆలయానికి తీగల మీద నడిచే రోప్‌వే ఉంది. పెట్టె కాదు, ఇనప ఊచల బుట్ట. అది ఆగదు, కదులుతుండగానే సిబ్బంది చెయ్యి పట్టుకుని ఎక్కించి గొళ్ళెం వేస్తారు. అమ్మని ఎక్కించలేదు. పైన ఆలయంలో మూడు చేరిలు నిలబెట్టి ఉన్నాయి, నిలువెత్తు కంటే ఎంతో పొడవైన కొయ్య స్తంభాలు. మే 15న సంత్ ఉబాల్దో, సంత్ జార్జ్, సంత్ ఆంటోనీల బొమ్మలు వాటి మీద పెట్టి, ఊళ్ళోవాళ్ళు భుజాల మీద మోస్తూ కొండ పైకి పరిగెడతారు. అంతకుముందు పెద్ద కూడలిలో మూడు చుట్లు తిప్పుతారు. పలకల్లో ప్రజల శుద్ధికి బలిపశువులతో చేసే ప్రదక్షిణలూ మూడే. ఈ రెంటికీ సంబంధం ఉందని కొందరు, లేదని కొందరు వాదిస్తారు. ఊరివాళ్ళని అడిగితే వాళ్ళకి సందేహమే లేదు. నా మట్టుకు నేను ఆ వాదన తేల్చలేను గానీ, ఆ కొండనే ఇన్ని శతాబ్దాలుగా ఒక ఊరు తనని కాపాడే కొండగా చూస్తోందన్నది మాత్రం అక్కడ నిలబడితే తెలుస్తుంది.

దక్షిణానికి కారు తప్పదు. భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇండియా నుంచే తీసుకెళ్ళాలి. కారు ఇచ్చిన సంస్థ వాళ్ళు మేము మాట్లాడుకున్న బండి లేదని పెద్ద బండి అంటగట్టారు. డిపాజిట్టు కింద కార్డు మీద ఎక్కువ మొత్తం ఆపేశారు, అది విడుదల కావడానికి వారాలు పట్టింది. దక్షిణాన ఉన్న మొలీసె ప్రాంతపు కొండల ఇరుకు దారుల్లో ఆ పెద్ద బండి నడపడం నాకు శిక్షే అయింది. చిన్న బండి ఇచ్చేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దని సలహా. పాత పట్టణాల నడిమధ్యలోకి బయటి కార్లకి ప్రవేశం ఉండదు. బోర్డు చూసుకోకపోతే కెమెరా పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

అగ్నోనె దగ్గర ఒక రైతు కుటుంబం ఇంట్లో బస. రాత్రి భోజనంతో కలిపి మనిషికి 60 యూరోలు. చేత్తో చేసిన కవతెల్లి పాస్తా, పప్పులు, వేయించిన మిరపకాయలు, వాళ్ళే వేలాడదీసి ఆరబెట్టిన కాచోకవల్లో జున్ను. ప్రయాణం మొత్తంలో అమ్మ కడుపునిండా తిన్నది ఇక్కడే. ఇంగ్లీషు ఎవరికీ రాదు, ఫోన్‌లో అనువాదంతో నెట్టుకొచ్చాం. రాత్రిళ్ళు చలి, వేసవిలో వెళ్ళినా స్వెట్టరు ఉండాలి.

ఈ చుట్టుపక్కలే, కప్రకొత్తా దగ్గర, 1848లో ఒక చిన్న కంచు పలక దొరికింది. సామ్నైట్లు మాట్లాడిన ఓస్కన్ భాష, పైన తగిలించడానికి ఇనప గొలుసు. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పంటల దేవత సెరెస్ తోటలో ఎవరెవరికి పూజ చెయ్యాలో అందులో వరసగా ఉంది: సెరెస్, ఆమె కూతురు, వానల దేవతలు, నీటి దేవతలు, ఫ్లోరా, జూపిటర్, హెర్క్యులిస్ ఇంకా కొందరు. అగ్ని వేదిక మీద బలి ఏడాది విడిచి ఏడాది. మర్నాడు పొద్దున ఆ ఇంటి వెనక పొలం గట్టు మీద నిలబడితే ఆ పట్టిక నాకు ఒక పంట పుట్టి పండే క్రమంగా కనిపించింది. వాన పడాలి, ఊట ఊరాలి, పువ్వు పుయ్యాలి. ఏ ఒక్కరిని మర్చిపోయినా గింజ రాదు.

పియెత్రబ్బొందాంతే అక్కణ్ణుంచి అరగంట పైన. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, ఊరి కింద గడ్డి వాలులో సామ్నైట్ల పెద్ద ఆలయం, దాని ముందు అర్ధవృత్తంగా రంగస్థలం. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో, ఆ తర్వాతి కొద్ది ఏళ్ళలో కట్టారు. మేము వెళ్ళినప్పుడు మేము తప్ప సందర్శకులే లేరు. ముందు వరసల రాతి ఆసనాలు చూడండి. వీపు ఆనే రాయిని వెన్నుపూస వంపుకి తగ్గట్టు చెక్కారు, మెడ దగ్గర కొద్దిగా వెనక్కి విరుగుతుంది. అమ్మ కూర్చుని, నడుముకి హాయిగా ఉందంది. వరస చివర్లలో రెక్కల మృగం కాళ్ళు చెక్కిన చేతిరాళ్ళు. గోడ కొసల్లో మోకాళ్ళు వంచి రాతి బరువు మోస్తున్న మనిషి బొమ్మలు. వెనక ఆలయంలో పక్కపక్కన మూడు గర్భగుడులు.

సామ్నైట్ల పూజలో భయం కూడా ఉంది. క్రీ.పూ. 293లో రోమన్లతో అక్విలోనియా యుద్ధానికి ముందు వాళ్ళు నారబట్టతో ఒక ఆవరణ కట్టారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఓవియస్ పాకియస్ అనే ముసలి పూజారి పాత నారబట్ట పుస్తకంలోంచి విధి చదివి బలి ఇచ్చాడు. యోధుల్ని ఒక్కొక్కర్ని లోపలికి పిలిచి, చుట్టూ కత్తులు దూసినవాళ్ళు ఉండగా, పారిపోననీ పారిపోయేవాణ్ణి చంపుతాననీ ప్రమాణం చేయించారు. ఒప్పుకోనివారిని వేదికల ముందే నరికారు. రాసినవాడు శత్రుపక్షం కాబట్టి కొంత పెంచే ఉంటాడు. అయినా క్రీ.పూ. 91లో చాలా ఇటాలిక్ జాతులు రోమ్ మీద తిరగబడ్డప్పుడు వేసుకున్న వెండి నాణేల మీద కూడా యోధులు పందిపిల్ల మీద కత్తులు చాచి ప్రమాణం చేస్తున్న బొమ్మే ఉంది. ఆ యుద్ధం ఓడాక పియెత్రబ్బొందాంతే ఆలయం మూతపడింది. ఇది చూడకుండా రోమన్ ఫోరం ఒక్కటే చూస్తే కథ సగమే తెలిసినట్టు. కొండ దారి, బస్సులు దాదాపు లేవు, నీడ లేదు, తినడానికి ఊళ్ళోకి ఎక్కి రావాలి. అయినా నేను మళ్ళీ వెళ్తాను.

కపువా చివరి మజిలీ. కొండ దిగి కారులో వచ్చాం. కారు లేనివాళ్ళు నేపుల్స్ నుంచి ప్రాంతీయ రైలు పట్టుకోవచ్చు. ఊళ్ళో బస పెట్టకండి, నేపుల్స్‌లో ఉండి పూటలో చూసి రావచ్చు. కాంపానో మ్యూజియంలో వరస గదుల్లో రాతి తల్లులు కూర్చుని ఉన్నారు. 1845లో పక్క ఊరు కుర్తి దగ్గర పతురెల్లి వారి భూమిలో బయటపడ్డ గుడి నుంచి వచ్చినవి, క్రీ.పూ. 6 నుంచి 2వ శతాబ్దం దాకా తరతరాలుగా అర్పించినవి, వందకి పైగా ఉన్నాయి. గరుకైన అగ్నిపర్వత రాయి. అందరూ పీట మీద కూర్చున్న ఆడవాళ్ళే, ఒడిలో గుడ్డల్లో బిగించి చుట్టిన పసికందులు. ఒకామెకి ఒక్కరు, ఒకామెకి రెండు చేతుల్లో ఇద్దరు, ఇంకొకామెకి రెండు వైపులా వరసలుగా పేర్చినట్టు. ముఖాలు మొద్దుగా ఉంటాయి, చేతులు మాత్రం బిడ్డల్ని పట్టుకోవడం తెలిసిన చేతులు. ఒక్క విగ్రహానికే ఒడిలో బిడ్డ లేదు: ఒక చేతిలో దానిమ్మ, మరో చేతిలో పావురం. ఆవిడే దేవత అంటారు.

"మరి వీళ్ళంతా ఎవర్రా, మొక్కు తీర్చుకున్నవాళ్ళా?" అని అమ్మ అడిగింది. అవునన్నాను. బిడ్డ కలిగితే, లేదా కలగాలని, తమ బొమ్మే చేయించి ఇచ్చేవారు. అదే గుడి నుంచి వచ్చిన ఓస్కన్ శాసనాల రాళ్ళూ ఉన్నాయి. ఫలానా కుటుంబం, ఫలానా రోజు, ఫలానా అధికారి ఉన్నప్పుడు పందిని బలి ఇచ్చారని పద్దు రాసినట్టు రాసుకున్నారు. అమ్మ ఆ గదుల్లో గంటన్నర తిరిగింది, మోకాళ్ళ మాటే ఎత్తలేదు.

వెళ్ళేవాళ్ళకి సమయం గురించి: ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా, లేదా సెప్టెంబరు. చాలా మ్యూజియాలు సోమవారం మూసేస్తారు, చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం కూడా మూస్తారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకి ప్రవేశం ఉచితం. గుబ్బియోలో మే 15 ఉత్సవం చూడాలంటే గదులు చాలా నెలల ముందే పట్టుకోవాలి, అప్పుడు పలకల్ని తీరిగ్గా చూసే వీలు ఉండదు. పలకలే ముఖ్యమనుకుంటే ఉత్సవం అయ్యాక వారానికి వెళ్ళండి, అనువాదం అచ్చువేసి వెంట తీసుకెళ్ళండి.